చప్పుడు లేని ముక్క

పోయినవి లెక్కేస్తే ఇవీ: గోడకు పడాల్సిన కన్నం, తెరుచుకోవాల్సిన ఇనప్పెట్టె, నలుగురు దొంగల చెమట. నిమిషాల్లో చెప్పాలంటే ఇరవై ఒకటి. ఆ ఫ్రెంచి సినిమా నూట పది నిమిషాలని కరపత్రంలో ఉంది. నేను చూసింది ఎనభై తొమ్మిది.

ఎనభైల మొదట్లో వరంగల్‌లో ఒక ఫిల్మ్ సొసైటీ నెలకో ఆదివారం సాయంత్రం సినిమా వేసేది. ఆ రోజు ప్రొజెక్టర్ నడపడానికి మా మేనబావను పిలిచారు. ఆయన మట్టెవాడ వైపు టాకీసులో ఆపరేటరు. బాగా నడిపితే నెలనెలా ఆయన్నే పిలుస్తామన్నారు. నేను ఆయన పక్కనే కుర్చీ వేసుకున్నాను.

సినిమాలో దొంగలు నగల దుకాణం మీద కన్నేసి, వీధిలో పోలీసు ఎప్పుడెప్పుడు వస్తాడో లెక్కగట్టారు. ఆ ఎత్తు పారుతుందా అన్నదే నా ఆత్రం.

లోపలికి దిగారు. బూట్లు విప్పారు. సుత్తికి గుడ్డ చుట్టారు. మాట లేదు, సంగీతం లేదు. నాలుగు నిమిషాలు నేను కుర్చీలో కదల్లేదు.

వెనక నుంచి ఈలలు.

“ఏయ్ ఆపరేటర్, సౌండేది? పండుకున్నవా?”

బావ గబుక్కున ఆపి, స్పీకరు వైర్లు కదిలించాడు.

“ఆపకు బావా. దొంగతనానికి పోయినోళ్లు చప్పుడు చేస్తరా?”

“నాకు జెప్తానవా బామ్మర్ది? మన సినిమాల్ల బీరువా తీస్తే డప్పులు మోగుతయి. ఈ ముక్క ఖరాబైంది.”

రీలు ముందుకు లాగి, మాట వినబడిన చోట మళ్లీ మొదలుపెట్టాడు. తెర మీద దొంగలు అప్పటికే నగలు పంచుకుంటున్నారు. హాలంతా చప్పట్లు. బావ నావైపు చూసి నవ్వాడు.

బయట వాకిట్లో ఉండిపోయిన సొసైటీ నడిపే లెక్చరర్ ఆట అయ్యాక వచ్చి విషయం విన్నారు. “ఆ ఇరవై ఐదు నిమిషాలూ మాటే ఉండదు. దానికోసమే తెప్పించినం,” అన్నారు.

రీళ్ల డబ్బాలు ఆ రాత్రి రైలుకే తిరిగి వెళ్లిపోయాయి. బావను మళ్లీ పిలవలేదు.

“ఆ ముక్క నీకు నేను బాకీ,” అన్నాడు నాతో.

తర్వాత ఏ పెళ్లిలో కలిసినా, ఆ రోజు రీలు లాగుతూ వేళ్ల మధ్య జారే ఫిల్ములో చూసిందేదో గుర్తు చేసుకుని చెప్పేవాడు. “ఒకడు చేతిగుడ్డతోని నుదురు తుడుచుకున్నడు బామ్మర్ది. ఒక నిమిషం కింద జమ కట్టుకో.”

నేను కట్టుకోలేదు. ఇప్పటికీ బాకీ ఇరవై ఒకటే.