ప్రభల ఎత్తు, నాలుగు సగటులు

పరీక్ష ఉదయం 10:10కి మొదలై 11:40కి ముగిసింది. రాసినవారు అరవై రెండు మంది. పుస్తకం తెరిచి పెట్టుకుని రాసే పరీక్ష అది. నాలుగో అధ్యాయంలోని మూడో పట్టిక చూసి, అయిదు ఊళ్ల ప్రభల ఎత్తుల సగటు కనుక్కోవాలి. ముప్పై ఒక్క మంది 78.2 అడుగులన్నారు. పద్నాలుగు మంది 80.2 అన్నారు. పదకొండు మంది 83.2. మిగిలిన ఆరుగురు 63.44. బండ్ల మీద కట్టి తెచ్చే ఆ ప్రభలు శివరాత్రికి నిలబడే కోటప్పకొండ తిరునాళ్ల మైదానం మా పరీక్ష గదికి పన్నెండున్నర కిలోమీటర్లు. నరసరావుపేటలో బల్లల ముందు కూర్చున్నవాళ్లు అంత దూరంలోని వెదురు కట్టడాలను ఇన్ని రకాలుగా పెంచి తగ్గించగలరని నేను ఊహించలేదు.

నేను డిగ్రీ రెండో సంవత్సరానికి గణాంకశాస్త్రం బోధిస్తాను. మా పాత పాఠ్యపుస్తకం ధర అయిదు వందల నలభై. తరగతిలో దాన్ని కొన్నవాళ్లు ప్రతి ఏటా వేళ్ల మీద లెక్కించదగినంత మందే. మిగిలినవాళ్లు ప్రశ్నలు జవాబులు మాత్రమే ఉండే పల్చటి గైడుతో నెట్టుకొచ్చేవారు. అందుకని ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఒక ఇంగ్లీషు పాఠ్యపుస్తకాన్ని ఎంచుకుని, రెండు వేసవి సెలవులు కూర్చుని తెలుగు చేశాను. ఫైలును తరగతి అందరికీ పంపాను, ఎవరి ప్రతి వాళ్లే అచ్చు వేయించుకున్నారు. దానికి ఓపెన్ లైసెన్సు ఉంది. అంటే ఎవరైనా వాడుకోవచ్చు, అనువదించవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టవచ్చు. షరతులు రెండే: మూలం ఎవరిదో చెప్పాలి, మార్పులు చేస్తే చేశామని చెప్పాలి.

మూలంలోని ఉదాహరణలు మన పిల్లలకు అక్కరకు రావు. మంచు కురిసిన రోజుల సంఖ్య స్థానంలో మాచర్ల బస్సు ఆలస్యాలు పెట్టాను. బేస్‌బాల్ పరుగుల స్థానంలో మిర్చి టిక్కీల, అంటే బస్తాల, తూకాలు వచ్చాయి. నాలుగో అధ్యాయానికి ప్రభల ఎత్తులు తీసుకున్నాను. పాత ఫోటోలలో పక్కనున్న కరెంటు స్తంభాన్ని కొలబద్దగా పెట్టుకుని లెక్కగట్టిన అంకెలవి: 70, 75, 78, 82, 86. ప్రతి అంకె పక్కనా ఊరి పేరు కూడా వేశాను. ఇక్కడ ఆ పేర్లు రాయను. ఒకసారి రాసి చూశాను కదా.

ఎనభై రెండు అడుగుల ఊరు రోడ్డుకు తూర్పున ఉంటుంది, ఎనభై ఆరు అడుగుల ఊరు పడమట. ఎవరి ప్రభ పొడవన్నది ఆ రెండు ఊళ్ల మధ్య ఎన్నికలకన్నా పాత తగాదా. రెండు ఊళ్ల పిల్లలూ నా తరగతిలోనే ఉన్నారు.

జవాబు పత్రాలు చూసిన సాయంత్రం, తూర్పు ఊరి విద్యార్థిని ఒకామెను పిలిచి ఆమె పుస్తకం తెమ్మన్నాను. పట్టికలో తన ఊరికి 92 అని ఉంది.

"ఇదెక్కడిదమ్మా? నేను రాసింది ఎనభై రెండు."

"మార్చుకున్నాం సార్."

"ఎందుకు?"

"మా ఊరోళ్లు చూస్తే ఊరుకుంటారా సార్? మొదటి క్లాసులో మీరే చెప్పారు గదా, ఎవరైనా మార్చుకోవచ్చని. ఆళ్లు మాత్రం తక్కువ తిన్నారా, చూడండి పోయి. నూట పదకొండు వేసుకున్నారు."

నిజమే. పడమటి ఊరి పిల్లలు తమ ప్రభను 111 చేశారు. మరో ఆరుగురు అంత శ్రమ కూడా పడలేదు; ఎదుటివాళ్ల 82లో ఒక దశాంశ బిందువు పెట్టి, ఆ ప్రభను 8.2 అడుగులకు, అంటే ఇంటి వసారా ఎత్తుకు దించేశారు. కాలేజీ ఎదుటి జిరాక్సు షాపువాళ్లు ఎవరు తెచ్చిన ఫైలును వాళ్లకు ముద్రించి ఇచ్చారు. లైసెన్సు ప్రకారం ఇందులో తప్పు ఒక్కటే: మార్చామని ఎవరూ రాయలేదు.

పుస్తకం భవిష్యత్తు తేల్చవలసింది మా విభాగాధిపతి. సూటిగా మాట్లాడే మనిషి. నా పుస్తకాన్ని ఒక్క సెమిస్టరుకు మాత్రమే ప్రయోగంగా ఒప్పుకున్నారు. ఇది నిలబడకపోతే వచ్చే ఏడాది మళ్లీ అయిదు వందల నలభై రూపాయల పుస్తకమే వస్తుంది. నా రెండు వేసవుల సంగతి అటుంచితే, ఆ పుస్తకం కొనలేని పిల్లలు తిరిగి గైడులోకే వెళతారు. మర్నాడు విభాగాధిపతి మేడం నాలుగు రకాల పుస్తకాలను బల్ల మీద వరసగా పేర్చారు.

"ఏంది సార్ ఇది? పుస్తకమా, పంచాయితీనా?"

"ఎవరి పట్టికకు వాళ్లు లెక్క సరిగ్గానే చేశారు మేడం. అందరి పుస్తకాలు తెప్పించి సరిచూశాను. యాభై ఏడు మంది జవాబులు సరైనవే. మిగిలిన అయిదుగురు పక్కవాళ్లవి చూసి రాశారు."

"లెక్క రైటే, ప్రభే తప్పు. రేపు బయటి నుంచి పేపర్లు దిద్దేవాళ్లొస్తే వాళ్లకేం చెప్తారు? మాది ఈపూరు, నాకు ఏ ప్రభతోనూ చుట్టరికం లేదు. నాకు కావాల్సింది ఒక్క పట్టిక. రెండు ఊళ్ల పిల్లలూ మార్చకుండా ఉంచుకునే పట్టిక. శివరాత్రి అయ్యాక వచ్చే సోమవారం మీటింగు ఉంది. ఆ లోపు తెస్తే మీ పుస్తకం ఉంటది. లేకపోతే పాతదే."

అంకెలు కావాలంటే కొలవడం తప్ప మార్గం లేదు. శివరాత్రి మధ్యాహ్నం రెండు ఊళ్ల నుంచి ఇద్దరేసి విద్యార్థులను తీసుకుని కోటప్పకొండ మైదానానికి బయలుదేరాను; తిరునాళ్ల రద్దీలో చేరేసరికి అయిదు కావచ్చింది. ప్రభ పాదం నుంచి నలభై మీటర్లు టేపుతో కొలిచి, అక్కడ నిలబడి ఫోనుతో శిఖరం కోణం చూడాలి. ఆ రెండింటితో లెక్కగట్టి, కంటి ఎత్తు కలిపితే ప్రభ ఎత్తు వస్తుంది. నలుగురూ విడివిడిగా కోణం చూడాలని, ఒకరి అంకె మరొకరికి చెప్పకూడదని నియమం పెట్టాను.

ట్రాక్టర్లు, మైకులు, బూరలు ఊదే పిల్లల నడుమ మేము నేల మీద టేపు పరుస్తుంటే పడమటి ఊరి పెద్దాయన ఒకరు వచ్చి నిలబడ్డారు.

"ఏమయ్యా మాస్టారూ, ఎత్తు కొలుస్తానని కింద టేపు పరుస్తన్నావేంది? ప్రభ పడుకోనుందా?"

కోణం సంగతి చెప్పాను. ఆయనకు నచ్చలేదు. ఈలోగా తూర్పు ఊరి కమిటీవాళ్లు ఇద్దరు వచ్చారు.

"సారూ, బండి కాడ్నుంచి కొలవమాక. ఆళ్లది ఎత్తు చక్రాల బండి."

"నీ ప్రభ మీద ఆ జెండా ఎందుకు కట్టావో మాకు తెలవదా?" అన్నారు పెద్దాయన. "జెండా కలపమాక మాస్టారూ."

నేల నుంచి కలశం కొన దాకా, బండితో కలిపి, జెండా వదిలేసి అని నిర్ణయించాం. ఆ ఒక్క వాక్యానికి నలభై నిమిషాలు పట్టింది; కొలతలకు అంతకన్నా తక్కువే పట్టింది. నలుగురి అంకెల సగటు తీస్తే తూర్పు ప్రభ 84.1 అడుగులు, పడమటి ప్రభ 85.0 వచ్చాయి. ఫోను కోణం అర డిగ్రీ అటూ ఇటూ కావచ్చు కనుక, ఒకటిన్నర అడుగులకు పైగానే తేడాకు అవకాశం ఉంది. రెండింటి పక్కనా ప్లస్ ఆర్ మైనస్ 1.6 అని రాసి చూపించాను.

"ఈ ప్లస్సేంది, ఈ మైనస్సేంది?" అని పెద్దాయన అడిగారు.

"ఇంతకు మించి కచ్చితంగా చెప్పలేమని గుర్తండీ. అసలు ఎత్తు ఆ పైనా ఉండవచ్చు, ఆ కిందా ఉండవచ్చు."

ఆయన కాగితం మీద వేలు పెట్టారు. "అయితే ప్లస్సు మాకెయ్యి. మైనస్సు ఆళ్లకెయ్యి."

తూర్పు ఊరివాళ్లు భగ్గుమన్నారు. నేను నోరు తెరిచేలోగా పుస్తకంలో 92 వేసుకున్న ఆ విద్యార్థినే ముందుకొచ్చింది.

"అట్టా కుదరదు తాతా. ఒకే ఫోనుతో చూశాం. తప్పొస్తే మాకైనా మీకైనా అంతే రావచ్చు. మీదే పొడుగని చెప్పలేం, మాదే పొడుగని కూడా చెప్పలేం."

"నువ్వేవూరే?"

"తూర్పూరే. నా మాట నమ్మకపోతే మీ మనవణ్ణే అడుగు, వాడూ కోణం చూశాడు."

మనవడు తల ఊపాడు. పెద్దాయన వాణ్ని పైనుంచి కిందికి చూశారు. "ఫీజులు కట్టి చదివిస్తే, ఆఖరికి తెలవదని చెప్పటం నేర్చావంట్రా?" అన్నారు. కానీ అంకె మార్చమనలేదు. తూర్పువాళ్లూ అనలేదు. ఎదుటివాళ్లు గెలవలేదన్నది ఇద్దరికీ చాలినట్టుంది.

సోమవారం కొత్త పట్టికను విభాగాధిపతి ముందు పెట్టాను. అడుగున నలుగురు విద్యార్థుల సంతకాలు, ఏమి మార్చామో చెప్పే రెండు వాక్యాలు ఉన్నాయి.

"ఇంతకీ ఏది పొడుగు సార్?"

"ఈ కొలతతో చెప్పలేం మేడం."

"ఇంతమంది పోయి, పూటంతా ఎండలో నిలబడి, చెప్పలేరా?"

"చెప్పలేమని మాత్రం గట్టిగా చెప్పగలం."

ఆమె పట్టికను రెండుసార్లు చదివారు. పరీక్షల్లో పట్టికను ప్రశ్నపత్రంలోనే అచ్చువేయాలని షరతు పెట్టి, వచ్చే ఏడాదికి నా పుస్తకాన్నే ఖాయం చేశారు. "కొలిచింది ఎవరో రాశారు, ఎంత నమ్మాలో రాశారు. పాత పుస్తకంలో ఈ రెండూ లేవు," అన్నారు, ఫైలు మూస్తూ.

ఖర్చు: పెట్రోలు నూట ఎనభై, టేపు మూడు వందల యాభై, అయిదుగురికి చెరుకు రసం నూరు, నాలుగో అధ్యాయం అరవై రెండు మందికి తిరిగి అచ్చు వేయడానికి పదకొండు వందలు. మొత్తం పదిహేడు వందల ముప్పై రూపాయలు. నష్టం: టేపు ట్రాక్టరు చక్రం కింద పడి పన్నెండో మీటరు దగ్గర తెగింది. ఒక విద్యార్థి చెప్పు జనంలో పోయింది. మిగిలిన మూడు ఊళ్ల ప్రభలను కొలిచే వెలుతురు లేకపోయింది. ఆ మూడు వరుసలు పుస్తకంలోంచి పోయాయి.