మైనం మచ్చ

పెదనలో ఒక కలంకారీ అద్దకం షెడ్డులో రంగు ఉడకబెట్టే పున్నయ్య అప్పటికే చాలాసార్లు చచ్చిపోయాడు. కాగుతున్న రాగి డేగిసా పక్కన నిలబడినవాడు నిలబడినట్టే గుండె పట్టుకుని, నాలుక బయటపెట్టి, వెల్లకిలా పడిపోయేవాడు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు కెవ్వుమనేవారు. పాతవాళ్ళు తల కూడా ఎత్తేవారు కాదు. ఎవరూ ఏడవకపోతే విసుక్కుని తనే లేచేవాడు.

ఎదురింటి పెద్దింట్లమ్మ ఆయనతో మాట్లాడడం మానేసింది. ఆవిడ తెల్లకోడిని చల్లారిన ఎర్రరంగులో ముంచి వదిలాడాయన. ఆవిడ తెల్లకోడి కోసం ఊరంతా వెతికి, కనిపించని దొంగని నోరారా తిట్టి, అలిసిపోయి వచ్చేసరికి ఎర్రకోడి ఒకటి ఆవిడ వెనకే గుమ్మం ఎక్కింది. "ఎవరిదే నువ్వు, పో!" అని చీపురుతో దాన్ని తరిమిన వైనం చెప్పుకుని షెడ్డంతా నవ్వింది.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం నిజంగానే పడిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాడు.

"ఇవాళ కొత్త ఆట నేర్చుకొచ్చాడ్రా!" అని షెడ్డు యజమాని నాంచారయ్య చప్పట్లు కొట్టాడు.

క్యారేజీ తెచ్చిన భార్య రాజకుమారి ఒక్కతే నవ్వలేదు. ఎన్ని వేషాలు వేసినా పున్నయ్య అద్దకం గుడ్డ మీద పడడు. ఎటు పడాలో ఓరకంట చూసుకునే పడతాడు. ఇప్పుడు అప్పుడే ఆరేసిన దుప్పటి మీద పడి, దాన్ని నలిపేస్తున్నాడు.

"ఆట కాదండీ! ఆయన గుడ్డ మీద పడ్డారు!" అని అరిచిందామె.

షెడ్డులో నవ్వు ఆగిపోయింది.

తలలో గడ్డ అన్నారు. విజయవాడలో ఆపరేషన్ చేసి తీశారు. కాన్సరే. మళ్ళీ పెరగకుండా తలకి రేడియేషన్ కరెంటు పెట్టాలి, గొట్టం మాత్రలు మింగాలి. ఆ మాత్రలు ఈయనకి ఎంతవరకు పనిచేస్తాయో తెలుసుకోవడానికి గడ్డ ముక్కని బొంబాయి పంపారు. ఆ పరీక్ష అప్పటికి కొత్త. ఇంట్లో అందరి ప్రాణమూ ఆ జవాబు మీదే ఉంది.

గుడివాడలో మందులషాపు ఉన్న రాజకుమారి తమ్ముడు గోవర్ధనరావు ఫోన్ చేశాడు. "రిపోర్టు వచ్చిందక్కా. మిథైలేషనో ఏదో ఉందంట. జన్యువు మీద మచ్చలాంటిదంట. మిగతాది డాక్టరుగారే చెబుతారంట, బావని తీసుకురమ్మన్నారు."

మచ్చ! పెదనలో ఆ మాటకి వేరే అర్థం లేదు. మచ్చ పడితే ఆ గుడ్డ పోయినట్టే. ఎంత ఉతికినా వదలదు, పక్కన పడేయాల్సిందే. సాయంత్రానికి వీధి వీధంతా గుమ్మంలో ఉంది.

పెద్దింట్లమ్మ చేపల పులుసు తెచ్చింది. "తిను నాయనా. కోడి సంగతి ఎప్పుడో మర్చిపోయాలే."

"ఇంకొంచెం చింతపండు పడాలి పిన్నీ. పోయేవాణ్ణి కదా, దాపరికం ఎందుకని చెబుతున్నా."

ఆవిడ భోరుమని ఏడ్చి, మర్నాడు ఇంకాస్త పులుపు వేసి తెచ్చింది. డేగిసా దగ్గర ఫ్యాను పెట్టించమని ఏళ్ళుగా అడుగుతున్నా వినిపించుకోని నాంచారయ్య, "పెట్టిస్తాలే పున్నయ్యా" అన్నాడు ముక్కు చీదుకుంటూ.

"పెట్టించు బావా. నేను పోయినా, దెయ్యంగా వచ్చి దాని కింద కూర్చుంటా."

అందరూ వెళ్ళాక మాత్రం గోడవైపు తిరిగి పడుకునేవాడు. నవ్వు మొహం అలాగే ఉండేది, తీసి పక్కన పెట్టడం మర్చిపోయినట్టు. రాజకుమారి అది చూసేది.

విజయవాడ ఆసుపత్రిలో, "మా ఆవిడకి చెప్పండి సార్. ఆవిడ మొహం చూసి నేను తెలుసుకుంటా" అని ఆయన బయటికి నడిచాడు.

డాక్టరు ఓపికగా చెప్పాడు. "ప్రతి కణంలోనూ ఒకటే రాత ఉంటుందమ్మా. ఏ వాక్యం చదవాలో, ఏది చదవకూడదో చెప్పడానికి దాని మీద చిన్న చిన్న గుర్తులుంటాయి. దెబ్బ తగిలితే బాగుచేసుకోమని చెప్పే వాక్యం ఒకటుంది. ఈ గడ్డలో సరిగ్గా దాని మీదే గుర్తు పడి అది మూతపడింది. కాబట్టి మాత్ర కొట్టిన దెబ్బని గడ్డ అంత తేలిగ్గా సరిచేసుకోలేదు."

"మా నాన్న నీలం అద్దకానికి మైనం రాసేవారండీ. మైనం ఉన్నచోట రంగు ఎక్కదు. అలాంటిదా?"

"అలాగే అనుకోండి."

"అయితే మచ్చ మంచిదా?"

"ఈ ఒక్కచోట మంచిదే. ఈ గుర్తున్నవాళ్ళకి మాత్రలు బాగా పనిచేస్తున్నాయి, ఎక్కువకాలం ఉంటున్నారు. అలాగని రోగం పోయిందనుకోకండి. మళ్ళీ రావొచ్చు. ఎంతకాలమంటే చెప్పలేను."

రాజకుమారి గుమ్మం దాకా నవ్వుకుంటూ వచ్చి, గుమ్మం దగ్గర మొహం గంటు పెట్టుకుంది. పెళ్ళయినప్పటినుంచీ ఈ మనిషి చచ్చిన చావులన్నీ గుర్తొచ్చాయి మరి.

బందరు పాసింజరు ఎక్కారు. పున్నయ్య ఆమె మొహాన్ని ఇటునుంచీ అటునుంచీ చూశాడు. డాక్టరు నడకని అనుకరించాడు. ఎదురు సీటువాళ్ళు నవ్వారు గానీ ఆమె నవ్వలేదు. గుడివాడ దాటాక ఆయన జోకులు అయిపోయాయి.

"రాజీ. మొత్తం చెప్పకు. సగం చెప్పు."

"మచ్చ పడిందన్నారు."

"అది తెలిసిందేగా."

ఆయన తింటున్న వేరుశనగకాయల పొట్లం మడిచి ఆమె ఒళ్ళో పెట్టి తల దించుకున్నాడు. పెదన దాకా ఏడిపిద్దామనుకున్న రాజకుమారికి ఇక నోరు ఆగలేదు.

"మైనం మచ్చండీ."

రంగు పనివాడు కదా, ఆయన చటుక్కున తలెత్తాడు. "దేని మీద? నా మీదా, గడ్డ మీదా?"

"దాని నోటి మీద. మాత్ర కొడితే మళ్ళీ లేవడం దానికి కష్టమట." మిగతాది కూడా చెప్పింది. "తర్వాతెప్పుడైనా మళ్ళీ రావొచ్చని కూడా అన్నారు."

ఆయన మొహం కిటికీ వైపు పెట్టాడు. కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగాడు.

"ఇంతసేపూ నాతో ఆడుకున్నావా?"

"మీ దగ్గర నేర్చుకున్నదే."

"ఇంకా నేర్చుకోవాలి. కింది పెదవి వణుకుతోంది నీకు." తర్వాత గొంతు తగ్గించాడు. "ఈ సంగతి పెద్దింట్లమ్మ పిన్నికి ఇప్పుడే చెప్పకు. పులుసు ఇప్పుడిప్పుడే దారిలో పడుతోంది."

కరెంటు పెట్టడం అయ్యాక, నెలనెలా మాత్రలు మింగే రోజుల్లో, పున్నయ్య మళ్ళీ షెడ్డుకి వచ్చాడు. డేగిసా దగ్గర కొత్త ఫ్యాను తిరుగుతోంది. పరగడుపున అందరి ముందూ మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, గుండె పట్టుకుని దబ్బున పడిపోయాడు.

ఈసారి నాంచారయ్య చప్పట్లు కొట్టలేదు. "నీళ్ళు! నీళ్ళు!" అంటూ పరిగెత్తాడు. దారిన పోతున్న పెద్దింట్లమ్మ గుండెలు బాదుకుంటూ లోపలికొచ్చింది.

మాత్రలు తెచ్చిన రాజకుమారి కూడా ఒక అడుగు ముందుకేసింది. కానీ ముందు ఆమె గుడ్డ ఎక్కడుందో చూసింది. దుప్పటి ఒక పక్కన ముడత పడకుండా ఆరుతోంది. మనిషి ఇంకో పక్కన, సరిగ్గా ఫ్యాను కింద ఉన్నాడు.

"లెండి," అంది, "రంగు మాడిపోతోంది."