గొళ్ళెం మీది ఎర్రగళ్ళ తువ్వాలు

నా చిన్నప్పుడు నా గొంతు మూడు మళ్ళ అవతలికి వినబడేది. గొప్పకి చెప్పడం లేదు, మా ఇంట్లో అదొక పని. మాది పద్మనాభం పక్క పల్లె. నాన్న పొలంలో ఉంటే అన్నం వేళకి అమ్మ నన్ను గట్టు మీదికి పంపేది. నేను "నాన్నోయ్" అని ఒక్క కేక వేస్తే నాన్నతోపాటు పక్క పొలాల వాళ్ళు కూడా నడుం ఎత్తి, వేళయిందనుకుని ఇళ్ళకి బయల్దేరేవారు. ఊళ్ళో నన్ను మెచ్చుకోవడానికి వేరే ఏమీ లేదు. బక్కపిల్లని, చదువు అంతంతమాత్రం. ఆ కేక ఒక్కటే నా ఆస్తి.

నాకు పదేళ్ళప్పుడు ఆ ఆస్తిని విశాఖపట్నంలోని గాజువాక తీసుకొచ్చి నేలపాలు చేశారు. నాన్న కౌలుకి చేస్తున్న భూమిని దాని ఆసామి వెనక్కి తీసేసుకున్నాడు. అమ్మ తరఫు బంధువు ఒకాయన ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షెడ్డులో నాన్నకి పని చూపించాడు. వెళ్దామా అని నన్నెవరూ అడగలేదు. పిల్లల్ని అడిగే కాలం కాదనుకోండి, అయినా తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. బస్సు దిగిన రోజు నుంచి నాన్నతో మాట్లాడటం మానేశాను. ఆయన ఏదైనా అడిగితే గోడకేసి చూస్తూ అమ్మకి జవాబు చెప్పేదాన్ని.

మేం దిగింది లైను ఇళ్ళలో. సన్నటి సందు, అటు నాలుగు గుమ్మాలు, ఇటు నాలుగు గుమ్మాలు, పైన రేకులు. ఒక ఇంట్లో తుమ్మితే ఎదురింటి వాళ్ళు చిరంజీవ అనొచ్చు, అంత దగ్గర. మొదటి రోజే మా గుమ్మం ఏదో తెలియక సందు మొదట్లో నిలబడి "అమ్మోయ్" అని కేకేశాను. టపటపా మూడు తలుపులు తెరుచుకున్నాయి. మూడు మొహాలు బయటికొచ్చి నోటి మీద వేలు పెట్టుకుని "హుష్" అన్నాయి. ఎవరి పిల్లవే, ఎక్కణ్ణించి వచ్చావు, ఏం తిన్నావు, అలాంటి మాట ఒక్కటీ లేదు. హుష్ అని తలుపులు మూసేసుకున్నారు.

అది మొదలు. కంచం జారి కిందపడితే హుష్. తాడాట ఆడితే హుష్. నవ్వినా హుష్. పోనీ ఎప్పుడూ అలాగే ఉంటే అదో లెక్క. కొన్ని రోజులు అదే సందులో పట్టపగలు రేడియోలు మోగేవి, పిల్లలు కేకలు పెట్టేవారు, ఎవరూ ఏమీ అనేవారు కాదు. మర్నాడు నేను నోరు తెరిస్తే మళ్ళీ హుష్. ఏ రోజు అరవచ్చో, ఏ రోజు కూడదో నాకు అంతుపట్టేది కాదు. పల్లెటూరి దాన్నని నా ఒక్కదాని మీదే ఈ జులుం అనుకున్నాను. లోపల కసి పెరిగిపోయింది. వాళ్ళ గుమ్మాల ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నాలుక బయటపెట్టి వెక్కిరించేదాన్ని.

ఈ హుష్‌లన్నిటికీ పెద్ద మా పక్కింటి అత్త. ఆవిడ భర్త, మా పక్కింటి మావయ్య, ఆటోనగర్‌లోనే ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే కార్ఖానాలో పనిచేసేవాడు. భారీ మనిషి, గుబురు మీసం, మాట తక్కువ. ఆయన నాకు ఎప్పుడో గాని కనబడేవాడు కాదు.

మేం వచ్చి నెల దాటింది. ఆ రోజు అత్త మొక్కు తీర్చుకోవడానికి పొద్దున్నే సింహాచలం వెళ్ళింది. అమ్మ బజారుకి పోయింది. నాది ఒంటిపూట బడి. మిట్టమధ్యాహ్నం నేను గుమ్మంలో కూర్చుని కాళ్ళు ఊపుకుంటుంటే సముద్రం వైపు నుంచి మబ్బు కమ్మి చినుకులు మొదలయ్యాయి. పక్కింటి తలుపు గొళ్ళేనికి ఎర్రగళ్ళ తువ్వాలు ఒకటి వేలాడుతోంది. అది అక్కడ అప్పుడప్పుడు కనబడుతూనే ఉంటుంది, తడి ఆరడానికి వేస్తారనుకునేదాన్ని.

మా ఊళ్ళో వానొస్తే ముందు చూసినవాళ్ళు ముందు పరిగెత్తాలి. కళ్ళంలో ధాన్యమైనా, తాడు మీద బట్టలైనా, ఎండబెట్టిన చేపలైనా ఎవరివని అడగరు. తీసి లోపల పెట్టి తరువాత చెబుతారు. నేనూ అదే చేశాను. ఒక్క ఉరుకున వెళ్ళి తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, మా మంచం మీద దుప్పట్ల పక్కన పెట్టాను. ఈ ఊరొచ్చాక నా చేత్తో జరిగిన మొదటి మంచిపని అది. అత్త రాగానే చెప్పి, ఇప్పుడేమంటావ్ అన్నట్టు ఒక చూపు చూడాలని కూడా అనుకున్నాను.

చినుకులు అయిదు నిమిషాల్లో ఆగిపోయాయి. ఆ తరువాత సందుకి ప్రాణం వచ్చింది. ఎదురింటి అక్క బయటికొచ్చి మావయ్య గుమ్మం వైపు ఒకసారి చూసి, లోపలికెళ్ళి రేడియో పెంచింది. ఆ పక్కావిడ రోలు ముందు వేసుకుని కారం దంచడం మొదలెట్టింది. సత్తుగిన్నెల సొట్టలు తీసేవాడు వచ్చి, సరిగ్గా మావయ్య మెట్టు మీదే కూర్చుని, సుత్తితో టంగు టంగుమని కొట్టాడు. పిల్లలు కర్రాబిళ్ళ ఆడదామని నన్ను కూడా పిలిచారు. నేను ఆడాను, అరిచాను. ఎవరూ హుష్ అనలేదు. ఇంకా గట్టిగా అరిచాను, ఎదురింటి అక్క నవ్వింది. విశాఖపట్నం నాకు లొంగిపోయిందనుకున్నాను. నెలరోజుల నుంచి గొంతులో కుక్కుకున్నదంతా ఆ మధ్యాహ్నం కక్కేశాను.

నాలుగు గంటలప్పుడు మావయ్య తలుపు తెరుచుకుంది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఖాళీ గొళ్ళేన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు, కుండీ దగ్గర మొహం కడుక్కున్నాడు. రేడియో టక్కున ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకు అర్థం కాలేదు. సాయంత్రం ఆయన క్యారేజీ పట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న ఆయన్ని ఇద్దరు మనుషులు రిక్షాలో తీసుకొచ్చారు. కుడిపాదానికి పెద్ద కట్టు. నిద్ర చాలక తూలిపోయి, కరిగిన ఇనుము మోసే చేతులు వణికి, చుక్కలు బూటులోకి పడ్డాయట. రెండు వేళ్ళు దక్కవని చెప్పారట. అత్త గుండెలు బాదుకుంటూ సందు మధ్యలో నిలబడి అడిగిన మొదటి మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"గొల్లెం మీద తువ్వాలు ఏసి ఎల్లినాను. దాన్ని తీసినోలెవులు?"

అప్పుడు తెలిసింది నాకు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మగాడు లోపల పడుకుంటే ఆ లైనులో గొళ్ళేనికి తువ్వాలు వేస్తారు. తువ్వాలుంటే సందంతా నోరు కట్టుకోవాలి. లేకపోతే ఎవరి ఇష్టం వాళ్ళది. పుట్టినప్పటి నుంచి అక్కడున్న పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి అది. కొత్తగా వచ్చిన మాకు తప్ప అందరికీ తెలుసు.

ఇంట్లోకి పరిగెత్తి ఆ తువ్వాలు తీసి బియ్యం డబ్బా అడుక్కి తోసేశాను. భయం ఉంది, అబద్ధమాడను. కాని భయం కంటే ఎక్కువ కోపం ఉంది. నాకు ఎవరు చెప్పారు? తువ్వాల్లో ఇంత కథ ఉంటుందని నాకెలా తెలుస్తుంది? రెండు రోజులు అత్త, ఎదురింటి అక్క జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేశారు. నీ పిల్లలే తీశారని ఈవిడ, నా పిల్లల్ని అంటే ఊరుకోనని ఆవిడ. నేను గుమ్మంలో కూర్చుని అంతా విన్నాను, నోరు విప్పలేదు. చెబితే మమ్మల్ని లైనులోంచి వెళ్ళగొడతారని, వెనక్కి వెళ్ళడానికి ఊళ్ళో మాకు సెంటు నేల లేదని తెలుసు.

మూడో రోజు బియ్యానికి చెయ్యి పెట్టిన అమ్మకి తువ్వాలు దొరికింది. చెయ్యెత్తింది, కొట్టలేదు. నా మణికట్టు పట్టుకుని, తువ్వాలు రెండో చేత్తో పట్టుకుని పక్కింట్లోకి ఈడ్చుకెళ్ళింది. మావయ్య మంచం మీద, కాలు దిండు మీద. అత్త తువ్వాలు చూసి ఒక్కసారిగా నా మీదికి వచ్చింది. లైనంతా గుమ్మంలో మూగింది. వెనక ఎక్కడో నాన్న తల కూడా కనబడింది. ఆ తలలన్నిటినీ చూసేసరికి నాలో ఏదో తెగిపోయింది. గట్టు మీద నిలబడి పిలిచే గొంతుతో అరిచాను.

"వానొత్తంది గదా, తడిసిపోద్దని తీసినాను. నాకెవులైనా సెప్పినారా? అందరూ హుష్ అన్నోలే. ఎందుకు హుష్షో ఒక్కలు సెప్పినారా?"

రేకులు అదిరాయి. మావయ్య మోచేతి మీద లేచి కూర్చున్నాడు. ఆయనకి కోపం రావడం నేను చూడటం అదే మొదలు. ఆ కోపం నా మీదికి రాలేదు, గుమ్మం మీదికి వెళ్ళింది.

"గుంట అడిగిందానికి జవాబు సెప్పండి. ఈలొచ్చి నెల దాటింది. తువ్వాలు సంగతి ఎవులు సెప్పినారు?" అత్త తల దించుకుంది. "మరి నా కాలు కాల్సినాది ఈ గుంటొక్కర్తేనా?"

ఒక్కొక్కరూ చల్లగా జారుకున్నారు. నేను గెలిచాననుకునే లోపే ఆయన నా వైపు తిరిగి, తీసినందుకు కాదు గాని దాచినందుకు నీ మీద నాకు కోపమే అన్నాడు. రేపు మధ్యాహ్నం రమ్మన్నాడు. ఏం చేస్తాడోనని ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మర్నాడు వెళితే కొట్టలేదు, తిట్టలేదు. చాప చూపించి పడుకోమన్నాడు. అత్తతో తలుపు మూయించి, బయట గొళ్ళేనికి తువ్వాలు వేయించాడు. కళ్ళు మూసుకుని ఏం వినబడుతుందో విను, అంతే అన్నాడు. రేకు వేడి మొహాన కొడుతోంది, రేకు చిల్లుల్లోంచి ఎండ కళ్ళల్లో పడుతోంది. ఈ పొయ్యిలో మనిషి ఎలా నిద్రపోతాడని ముందు ఆశ్చర్యపోయాను. మొదట ఏమీ వినబడలేదు. తరువాత మెల్లమెల్లగా వినబడింది. ఎవరో బకెట్టు నేల మీద పెట్టబోయి, ఆగి, చప్పుడు కాకుండా దించారు. సైకిలు చక్రం తిరగలేదు, ఎవరో దాన్ని ఎత్తుకుని నడిచారు. ఒక చంటిపిల్ల ఏడుపు మొదలెట్టగానే పాదాలు గబగబా సందు చివరికి పరిగెత్తాయి, ఏడుపు దూరమైపోయింది. సొట్టలవాడి అరుపు సందు మొదట్లో సగంలో తెగిపోయింది. అత్త తన దగ్గుని కొంగులో దగ్గుకుంది.

ఆ తరువాత ఏ చప్పుడూ లేకుండా తలుపు కింద నీడ కదిలింది. నేను చెంప నేలకి ఆనించి చూశాను. అన్నానికి వస్తున్న మా నాన్న కాళ్ళవి, ఆ పగుళ్ళు నాకు తెలుసు. ఉత్త కాళ్ళు. కిర్రుమనే తోలుచెప్పులు విప్పేసి, కాలుతున్న సిమెంటు మీద మునివేళ్ళతో నడిచిపోతున్నాడు. నెల నుంచి నేను మాట్లాడని మనిషి. నాకు ఏడుపొచ్చింది, చప్పుడు కాకుండా ఏడ్చాను.

గంట తరువాత మావయ్య ఏం విన్నావని అడిగాడు. చెప్పాను. ఆయన చెప్పిన మాట ఇది, పొల్లు పోకుండా గుర్తుంది.

"మీ ఊల్లో వానొత్తే తువ్వాలు తీత్తారు. ఇక్కడ తియ్యరు. రెండూ పక్కోడి కోసవే. నీకు సెప్పకపోడం మా తప్పు."

ఆ రోజు ఇంటికెళ్ళి నాన్న పక్కన కూర్చుని, కూర వెయ్యనా నాన్నా అని మెల్లగా అడిగాను. మావయ్య మాత్రం బతికినన్నాళ్ళూ కుంటుతూనే నడిచాడు. ఆ కుంటు చూసినప్పుడల్లా నాకు కోపం వచ్చేది. సగం నా మీద, సగం ఆ ఎనిమిది గుమ్మాల మీద. ఇప్పటికీ పోలేదు, పోవాలని కూడా నాకు లేదు.

ఇప్పుడు నేనుండేది అదే గాజువాకలో ఒక పాత అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో. పట్టపగలు పుట్టినరోజులకి సౌండు బాక్సులు పెడతారు, దద్దమ్మలు. ఒకసారి నొక్కాల్సిన బెల్లు మూడుసార్లు నొక్కుతారు. ఎదురు ఫ్లాట్‌లో ఒక నర్సు పిల్ల ఒంటరిగా ఉంటుంది, రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే పీక్కుపోయిన మొహంతో వస్తుంది. ఆ పిల్ల తలుపుకి ఎర్రగళ్ళ తువ్వాలు నేనే వేస్తాను. చూడ్డానికి బాగోలేదని అసోసియేషన్ పెద్దమనిషి ఒకాయన చెప్పొచ్చాడు. ఆయన్ని కింద పార్కింగ్‌లోకి తీసుకెళ్ళి, మూడు మళ్ళు దాటే గొంతుతో జవాబిచ్చాను. మళ్ళీ రాలేదు.

మొన్న కొత్తగా దిగిన వాళ్ళ పిల్లాడు వరండాలో బంతి కొడుతున్నాడు. ధన్‌ధన్‌మని ఆ తలుపు ముందే. నేను చీపురుతో సహా బయటికొచ్చాను. అప్పటికే రెండు తలుపులు తెరుచుకుని వాణ్ణి హుష్ అంటున్నాయి. వాడి మొహం చూశాను. ఆ చూపు నాకు తెలుసు. నాలుక బయటపెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు.

చీపురు కింద పెట్టాను. కోపం గొంతు దాకా వచ్చి ఉంది, దాన్ని పట్టుకునే మెట్ల మీద వాడి పక్కన కూలబడ్డాను. ఎందుకు హుష్షో నీకు ఎవరైనా చెప్పారా అని అడిగాను. లేదని తలూపాడు. లోపల ఎవరు పడుకున్నారో, రాత్రంతా ఆ పిల్ల ఏం చేసి వచ్చిందో, ఆ తువ్వాలు ఏమిటో, మా మావయ్య కాలుకి ఏమైందో మొత్తం చెప్పాను. వాడు బంతిని ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. లేచి వెళ్తూ వెళ్తూ, వరండాలోకి జల్లు కొట్టే వైపు చూసి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"మరి వానొత్తే తువ్వాలు తడిసిపోదా మామ్మా?"

"తడవనీ" అన్నాను.