మోటార్ల మామ, రాగి మట్టి

మా పక్కింటి మామ పోయిన బుధవారం మధ్యాహ్నం చనిపోయారు. నాకా సంగతి గోడ అవతలి నుంచి తెలిసింది. అత్త ఏడవలేదు, నన్ను పిలిచింది. "బిడ్డా, జర రా. మీ మామ ఎంత లేపినా లేస్తలేడు." నేను వెళ్లేసరికి ఆయన మంచం మీద ఒక పక్కకు ఒత్తిగిలి ఉన్నారు. చెయ్యి పట్టుకున్నాను. ఇంకా పూర్తిగా చల్లబడలేదు. డాక్టరును పిలవాలో, పెళ్లై సిరవారంలో ఉంటున్న ఆయన కూతురికి ఫోన్ చేయాలో తోచక అలాగే నిలబడిపోయాను.

ఆయన మాకు చుట్టం కాదు. రాయచూరు దగ్గర మా ఊరు ఇడపనూరులో వాళ్లకూ మాకూ మధ్య ఒక్క గోడే అడ్డం, అందుకని వరస కలుపుకున్నాం. చుట్టుపక్కల పొలాల్లో కాలిపోయిన బోరు మోటార్లకు ఆయనే లోపలి రాగి తీగ మళ్లీ చుట్టి వైండింగు చేసేవారు. రైతులతో కన్నడం, లైన్‌మన్‌తో ఉర్దూ, మాతో తెలుగు. మోటారు దగ్గర మాత్రం మాటలుండవు. స్క్రూడ్రైవర్ మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుని వినేవారు. అప్పుడు ఎవరు పలకరించినా చెయ్యి అడ్డం పెట్టేవారు.

పోయినేడు నా డిగ్రీ అయినప్పటి సంగతి ఇది. ఎండాకాలం వస్తే అమ్మానాన్నలతో పాటు నేనూ బెంగళూరు బిల్డింగు పనికి పోవాలి. పోకుండా ఉండాలంటే చేతిలో ఏదో ఒక పని ఉండాలి. ఫోన్‌లో ఒకామె రాగి మట్టితో కమ్మలు చేయడం చూశాను. సన్నటి రాగి పొడిని జిగురుతో కలిపిన ముద్ద అది. రొట్టెల పిండిలా ఒత్తి, ఆరబెట్టి, కాలిస్తే జిగురు మాడిపోయి రాగి మిగులుతుంది. ఒక పాకెట్ తెప్పించి నాలుగు జతలు చేసి, అమ్మ కట్టెల పొయ్యిలో పెట్టాను. నల్లటి పెంకులు బయటికొచ్చాయి.

వాటిని దాచిపెట్టుకుని ఏడుస్తుంటే మామ చూశారు. నవ్వుతారనుకున్నాను. పట్టకారుతో ఒకటి విరిచి, విరిగిన చోటును ఎండకు పట్టారు. "ముందుగాల ఇరగ్గొట్టి సూడాల బిడ్డా, తర్వాత ఏడ్వాల. లోపల ఎర్రగుంది సూడు, ఇటుక పొడి లెక్క. వేడి సాల్లేదు. పైన నల్లగున్నది హవా తగిలి."

"నీకు నగల పని తెలుసా మామా?"

"నగల్ తెల్వదు. రాగి తెల్సు."

వారం లోపల తెల్ల ఇటుకలు, హీటర్ కాయిల్, వేడి చూపించే మీటరుతో ఇంటి పక్కనే ఉన్న తన షాపు మూలన ఒక చిన్న బట్టీ కట్టారు. గాలి తగలకుండా కమ్మలను స్టీలు డబ్బాలో టెంకాయ చిప్పల బొగ్గు పొడిలో పాతిపెట్టాలని ఫోన్‌లో చూసి నేను చెప్పాను. పెట్టాం. ఈసారి కమ్మలు పూరీల్లా ఉబ్బాయి. మామ వాటినీ విరిచి వాసన చూశారు. జిగురు పొగ బయటికి పోయే దారిలేక లోపలే చిక్కుకుందన్నారు. అప్పటినుంచి ముందు డబ్బా లేకుండా కొద్దిపాటి సెగ మీద పొగంతా పోనిచ్చి, తర్వాతే బొగ్గులో పాతేవాళ్లం.

ఆ తర్వాత ఒక వైపువి కరిగి ముద్దయ్యేవి, ఇంకో వైపువి చేతిలో పొడిపొడి అయ్యేవి. రెండు నెలలు అదే గతి. సరిగ్గా కుదిరిందనుకున్న రోజు సగంలో కరెంటు పోయేది. నేను స్విచ్చుల బోర్డు వైపు చూస్తూ కూర్చుంటే మామ సాసర్‌లో చాయ్ పోసి నా ముందుకు జరిపేవారు. "అది మన మాట ఇనదు బిడ్డా. చాయ్ తాగు." కరెంటు తిరిగొస్తే అత్తే ఇంట్లోంచి షాపులో ఉన్న మామకు కేకేసి చెప్పేది.

చివరికి నాతో ఒకే కొలత రాగి మట్టి బద్దలు నాలుగు చేయించి, బట్టీ నాలుగు మూలలా ఒక్కొక్కటి పెట్టించారు. మీటరు తలుపు దగ్గరి వేడి చెబుతోందనీ, వెనక వైపు అంతకన్నా చాలా ఎక్కువ ఉందనీ అలా తేలింది. కాయిల్ విప్పి మళ్లీ చుట్టాలన్నారు. చుట్టడం పూర్తయింది. మరుసటి రోజు పొద్దున షాపులో స్టూలు మీంచి పడిపోయారు.

రాయచూరు ఆసుపత్రిలో పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి, మాట, రెండూ పోయాయి. ఇంటికి తెచ్చాక అత్త చెమ్చాతో గంజి పట్టేది. నేను పక్కన కూర్చునేదాన్ని. అంతకుమించి నావల్ల ఏమీ కాలేదు. మూడు భాషల మనిషికి "ఆ... ఆ..." ఒక్కటే మిగిలింది. నీళ్లు కావాలన్నా అదే, దోమ కుట్టినా అదే. అర్థం కాక మేము ఒకటొకటే అడుగుతుంటే ఆయన విసిగి కళ్లు మూసుకునేవారు.

ఆయన చుట్టిన కాయిల్‌తో అలాంటి మట్టి బద్దనే ఇంకొకటి నేనొక్కదాన్నే కాల్చాను. పొగ పోనిచ్చాను, బొగ్గులో పాతాను, కరెంటు పోలేదు. చల్లారాక డబ్బాలోంచి తీసి ఇత్తడి బ్రష్షుతో రుద్దితే బద్ద గులాబీ రంగులో మెరిసింది. పరిగెత్తుకెళ్లి మామకు చూపించాను. ఆయన ఎడమ చేత్తో ఒక కొన పట్టుకున్నారు. రెండో కొన నేను పట్టుకున్నాను. ఇద్దరం కలిసి వంచాం. విరగలేదు.

మామ నా వైపు చూసి "ఆ... ఆ..." అన్నారు. మళ్లీ అన్నారు, గట్టిగా.

"బాగైందంటున్నవా మామా?" తల అడ్డంగా ఊపారు.

"ఇంకా కాల్చాల్నా?" కాదన్నారు.

"అత్తను పిలవాల్నా? కమ్మలు చెయ్యమంటున్నవా?" నాకు తెలిసినవన్నీ అడిగాను. ప్రతిదానికీ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు, కంట్లోంచి నీళ్లు చెవి దాకా కారాయి. అత్త వచ్చి, "సాలు బిడ్డా, పరేషాన్ చేయకు" అంది. ఆయన నాకేం చెప్పాలనుకున్నారో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఈ వేసవిలో నేను బెంగళూరు పోలేదు. నా కమ్మలు కొనేవాళ్లున్నారు. ఆ మాట ఆయన మంచం పక్కన కూర్చుని చాలాసార్లు చెప్పాను. విన్నారనే అనుకుంటాను.

మొన్న, ఆయన పోయిన అయిదో రోజు, వాళ్లింటికి వెళ్లాను. అత్త అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పొద్దున పోయిన కరెంటు అప్పుడే వచ్చి, లోపల ఫ్యాను తిరగడం మొదలైంది. అత్త చేట మీంచి తలెత్తకుండానే షాపు వైపు తిరిగి గట్టిగా కేకేసింది.

"ఓయ్... కరెంటొచ్చింది!"