టైగర్ వరుస కాఫీ

మా ముంచింగిపుట్టు వైపు మా ఊళ్లో కాఫీ మొక్క మొదట నాటినవాణ్ణి నేనే. సర్పంచిగా రోడ్డు తెచ్చాను, చర్చికి రేకుల కప్పు వేయించాను. ఊరిబడిలో ఐదో తరగతి చదివి కలెక్టరు ఎదుట నిలబడి మాట్లాడాను. అయినా మా చెల్లెలు లిదియా చేసిన పని నావల్ల అయ్యేది కాదు. అందుకే రాస్తున్నాను.

లిదియా కుక్క టైగర్ తోటలో ఎగువ వరుస దగ్గర కాపలా ఉండేది. అడవిపందిని గట్టు దాటనిచ్చేది కాదు. దాని దవడ కింద గడ్డ లేచింది. గడ్డ లేస్తే మావాళ్లు కొడవలి ఎర్రగా కాల్చి వాత పెడతారు. ఆ పనికి మా ఊరి సోంబరు చెయ్యి మంచిదని పేరు. టైగర్‌కూ అతనే పెట్టాడు. అది పుండై చీము పట్టింది. విశాఖ తీసుకెళ్తే క్యాన్సరన్నారు, ఆలస్యమైందన్నారు. దాన్ని ఆ ఎగువ వరుసలోనే పాతిపెట్టాం. అప్పటినుంచి ఆ వరుస కాఫీ మీద వచ్చేదంతా లిదియా జంతువుల క్యాన్సర్ మందులకే ఇస్తోంది. పశువుల డాక్టర్ స్వర్ణ నెలకోసారి వచ్చి ఆమె కాఫీ ఆరబోసే కళ్లంలోనే వైద్యం చేస్తారు.

ఆ మధ్య డాక్టరమ్మ రావలసిన రోజు ఒకటే వాన. మధ్యాహ్నమైనా జీపు రాలేదు. సోంబరు కుక్క రాణికి ముక్కు మీద గడ్డ, రక్తం కారుతోంది. అతను పొయ్యిలో కొడవలి పెట్టాడని తెలిసి నేనూ లిదియా అతని ఇంటికి పరుగెత్తాం.

లిదియా రాణిని ఒళ్లోకి లాక్కుని పొయ్యి ముందు కూర్చుంది.

"లెగు గుంటా! రగతం కారిపోతంది, కనబళ్లేదేటి?" అని సోంబరు ఆమెను గదిమాడు.

"నువ్వెట్టిన వాతకే మా టైగర్ కుళ్లిపోనాది మావా. దీన్ని ముట్టుకోనీను."

సోంబరు మొహం నల్లబడింది. కొడవలి బయటికి తీశాడు. కొస ఎర్రగా ఉంది.

నేను ముందుకెళ్లాను. "సోంబరూ, ఈ ఊరికి రోడ్డేసినవాణ్ణి చెప్తున్నాను, ఆగు."

"ఏసినావు బాబూ. మరి ఆ రోడ్డు మీద నీ డాక్టరేదీ?"

రాణి మూలిగింది. సోంబరు ఇంకో అడుగు వేశాడు. లిదియా కదల్లేదు, గడ్డ మీద తన అరచెయ్యి అడ్డం పెట్టింది.

"కాల్చు. ముందు నా సెయ్యి కాల్చు."

కొడవలి అలాగే గాలిలో ఉండిపోయింది. ఎరుపు తగ్గి నల్లబడుతోంది. సోంబరు దాన్ని మళ్లీ నిప్పుల్లోకి తోస్తుండగా వీధిలోంచి అరుపు: "డాక్టరమ్మ నడిసొచ్చేస్తంది!" జీపును వాగు దగ్గర వదిలి, మోకాళ్ల దాకా బురదతో వచ్చారావిడ.

గడ్డలోంచి సూదితో కాస్త తీసి, గాజుపలక మీద పెట్టి చిన్న మైక్రోస్కోపులో చూశారు. "ఇది క్యాన్సరే, కానీ ఇంజెక్షన్లకు లొంగే రకం. కాల్చి ఉంటే పుండు పడి మందు ఇవ్వడానికి వీలయ్యేది కాదు."

"మందు ఎక్కడిదమ్మా?" అన్నాడు సోంబరు.

"టైగర్ వరుస కాఫీది" అన్నారావిడ.

ఇంజెక్షన్ చేస్తుంటే రాణి తలను సోంబరే పట్టుకున్నాడు.

రాణి ముక్కు మానింది. కాఫీ పండ్ల కోతనాడు మేం వెళ్లేసరికి ఎగువ వరుసలో ఎవరో ముందే కోస్తున్నారు. సోంబరు. పక్కనే గట్టు మీద రాణి.

"పచ్చివి కోసేత్తన్నావు మావా, పండినవి సూసి కొయ్యి" అని లిదియా కసిరింది.

"నేర్పు మరి" అన్నాడతను.