గుండ్లు పోయి ఇడ్లీలు కనబడ్డాయి

మా సరిత గెలిచింది! యాదగిరిగుట్టలో ఒక టిఫిన్ హోటల్ ముందు ఆమె బిగించిన డిజిటల్ బోర్డు ఈరోజు మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా కనబడింది!

డిజిటల్ బోర్డుల దుకాణం పెట్టాక నా బిడ్డకు దొరికిన మొదటి పని అది. కానీ ఎండపడితే తెర అద్దంలా మెరిసేది. గుండు చేయించుకున్న భక్తులంతా అందులో చూసుకుంటూ తలకు గంధం పూసుకునేవారు.

"ఇడ్లీలు కనబడ్తలేవమ్మా, గుండ్లే కనబడ్తున్నయి. రేపటిదాక సూస్త, లేకుంటే పీక్కపో" అన్నాడు నిన్న యజమాని.

నేత నేసే చేతులు కదా, పొద్దున నేను నీడకని తెరమీద నేను నేసిన కొత్త తువ్వాలు కప్పాను.

"నాయినా, నీ తువ్వాల మంచిగ కనబడ్తాంది, బోర్డే కనబడ్తలేదు" అని నవ్వింది సరిత. మెరుపు తగ్గించే పొర అతికించి, తెరను కాస్త కిందికి వంచింది.

మధ్యాహ్నం ఒక అవ్వ కొత్త గుండుతో, గంధంతో వచ్చి తెరలోకి తొంగిచూసింది.

"గీ అద్దం ఖరాబైంది బిడ్డా! ఉప్మా, పెసరట్టే కనబడ్తున్నయి!" అని కసిరింది.

యజమాని పగలబడి నవ్వి, "బోర్డు ఉండనియ్యమ్మా" అన్నాడు. అవ్వ తలకు సరితే గంధం పూసింది.

ఇంత తియ్యని తిట్టు మీరెప్పుడైనా విన్నారా? చెప్పండి. నేను ఆత్మకూర్ అక్కకు, తమ్ముడికి, ఇద్దరు వియ్యంకులకు ఫోన్ చేయాలి. "ఆడపిల్లకు నిచ్చెనెక్కే పనేంది" అన్న తిరుమలగిరి బామ్మర్దికైతే రెండుసార్లు చేయాలి.