యార్డులో నిలబడిపోయిన బండి

సాలూరులో లారీ ఉన్నవాడికి లారీయే ఇంటిపేరు. మా ఆయనకి ఉన్నది ఒక్కటే బండి, దాన్నీ తనే నడిపేవాడు. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయేనాటికి ఆ బండి అప్పు తీరి ఏడాదైనా కాలేదు. విశాఖ ఆసుపత్రికి పరిగెత్తే తొందరలో దాన్ని స్పేర్ పార్టుల షావుకారి యార్డులో పెట్టించాం. ఆ షావుకారు మాకు చుట్టం కాడు, పక్కం కాడు. ఏళ్ల తరబడి ‘బావా, బావా’ అంటూ మా ఆయనకి టైర్లు అమ్మినవాడు.

“నీ బండి నా బండి కాదేటి బావా? నువ్వు లేసి తిరిగినంతవరకు ఇక్కడే ఉంటాది” అన్నాడు ఆసుపత్రికి వచ్చి. ఆ మాటకి మేమిద్దరం కళ్లనీళ్లు పెట్టుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ నీళ్లు కూడా దండగే అనిపిస్తుంది.

ఇంటికొచ్చాక మా ఆయన పొద్దునా సాయంత్రం మంచం మీదే కాలెత్తే కసరత్తు చేసేవాడు. మళ్లీ స్టీరింగు పట్టుకోవాలని ఒకటే పట్టుదల. డాక్టరు తల అడ్డంగా ఊపినా ఈయన వినలేదు. యార్డులో బండి తనకోసం చూస్తోందన్న ధ్యాసే ఆ మనిషిని నిలబెట్టింది.

ఇల్లు గడవక కొన్నాళ్లకి నేనే ఒక డ్రైవరుని కుదుర్చుకుని బండి తీసుకురావడానికి వెళ్లాను. పెద్ద గేటుకి తాళం వేసి ఉంది. పక్కన కొత్తగా రంగేసిన బోర్డు, రోజుకింత అద్దె అని. “యాపారం యాపారమే సెల్లీ. అద్దె కట్టి పట్టుకెల్లు” అన్నాడు షావుకారు, కళ్లజోడు తుడుచుకుంటూ. అంత డబ్బు మా దగ్గర ఎక్కడిది? కట్టలేదని మా మీద కోర్టులో దావా వేశాడు.

మా ప్లీడరు ఒకటే చెప్పారు. “అద్దె లేకుండా ఉంచుకోమన్నాడు షావుకారు. మీరు తీసుకెళ్దామంటే తాళం వేసి, లోపలికి రానివ్వలేదు. మన బలమంతా అదే. అడిగినదానికే జవాబు చెప్పండమ్మా.”

తిరిగే బండైనా, నిలబడ్డ బండైనా, శుక్రవారం దానికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి హారతివ్వకపోతే మా ఊళ్లో అరిష్టం. విశాఖ నుంచి వచ్చింది మొదలు వెళ్తున్నదాన్ని, తాళం పడ్డాక కూడా నేను మానలేదు. యార్డు కాపలా ముసలాయన పెద్దగేటు పక్కనున్న చిన్నగేటు తీసేవాడు. దేవుడి పనికి అడ్డుపడే ధైర్యం అతనికి లేదు. ఇది కేసులో చెప్పాల్సిన సంగతని నాకు తట్టనేలేదు. ఇంట్లో దీపం పెట్టానని ప్లీడరుకి ఎవరు చెబుతారు?

బోనులో నిలబెట్టాక షావుకారి ప్లీడరు మెత్తగా మొదలెట్టాడు. “ఏడాదయినా బండి మొహం చూడలేదు. తుప్పు పట్టిపోతున్నా మీకు పట్టలేదు. వదిలేసిన బండే కదమ్మా?”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఎవులండీ వదిలేసింది? నాను పెతీ సుక్కురారం ఎల్లాను. నిమ్మకాయలు కట్టాను, ఆరతిచ్చాను. ఒక్క వారం తప్పనేదు!”

“గేటుకి తాళం వేశారంటున్నారు కదా, ఆ తర్వాత కూడానా?”

“తరవాతానూ ఎల్లాను. ఏటనుకున్నారు?”

మా ప్లీడరు నుదురు పట్టుకున్నారు. అవతలాయన నవ్వాడు. “అయితే మిమ్మల్ని ఎవరూ ఆపలేదన్నమాట. చాలండి.”

“అది సిన్న గేటండీ! మనిసి పట్టే గేటు. అందులోంచి లారీ ఏలాగ వస్తాదండీ?” అని అరిచాను. జడ్జిగారు ఆగమన్నారు. తర్వాత కాపలా ముసలాయన వచ్చి, అడిగితే పెద్దగేటు కూడా తీసేవాణ్ణేనని, నా వైపు చూడకుండా చెప్పి వెళ్లిపోయాడు. జీతమిచ్చేవాడి ముందు ఇంకేం చెబుతాడు? అయినా ఆ ముసలాయన మీద నాకు ఈనాటికీ కోపం పోలేదు.

తీర్పు మాకు వ్యతిరేకంగా వచ్చింది. అద్దె, ఖర్చులు కట్టలేక బండి వేలానికి పోయింది. గరివిడి వైపువాళ్లెవరో పాడుకున్నారు. నిమ్మకాయలు కట్టిన చేతులతోనే బండిని పోగొట్టుకున్నానని తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు మండిపోతుంది. నేను అబద్ధమాడలేదు, పాపమూ చెయ్యలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకి దాచకుండా చెప్పేశాను.

“నువ్వేటన్నావు కోర్టులో?” అన్నాడు.

“పెతీ సుక్కురారం ఎల్లానన్నాను.”

“ఎల్లావు గదా” అన్నాడు.

మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే మంచం దగ్గరికెళ్లి, కాలెత్తమన్నాను. ఎత్తలేదు. మళ్లీ అడిగాను.

“ఏటికి?” అన్నాడు గోడవైపు చూస్తూ.

నాకోసం ఎత్తమని నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ల కాపురంలో అలాంటి మాటలు మేమెన్నడూ అనుకున్నవాళ్లం కాదు. ఆ కాలి మీద దుప్పటి కప్పి వచ్చేశాను.